మైకాయన కొత్త గొంతు

ఉద్యోగమున్నంత కాలం బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పింది ఆయనే. అందుకే అందరికీ మైకాయన అయ్యాడు. రిటైరైన మరుసటేడు గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం దక్కించారు గానీ గొంతు దక్కించలేకపోయారు.

అప్పటికే భార్యకు చూపు పోయింది. ఆయన రాసి చూపిస్తే ఆమె చదవలేదు, ఆమె అడిగితే ఆయన బదులు చెప్పలేడు. చివరికి ముందుగదిలోని కంప్యూటరే ఇద్దరికీ దిక్కయింది. ఆయన టైపు చేస్తే అందులోని ప్రోగ్రాం పైకి చదివేది. ముక్కుతో మాట్లాడే మగగొంతు. "పడిశం పట్టిన పంతులులా ఉన్నావు" అని మొదట్లో ఆమె పడీపడీ నవ్వింది. రానురాను అదే మొగుడి గొంతైపోయింది. వంటింట్లోంచి దానితోనే పోట్లాడేది, దాని మీదే అలిగేది.

కొన్నాళ్లుగా ఆ కంప్యూటర్ తెర మీద ఒకటే సణుగుడు: పాత సిస్టమ్ ఇక భద్రం కాదు, కొత్తది వేసుకోండి. ఆయన ఎప్పటికప్పుడు తోసేస్తూ వచ్చాడు. ఒక పొద్దున విసుగెత్తి, సరేనని నొక్కాడు.

సగం దాకా వెళ్లి ఆగిపోయింది. స్నానం చేసి వచ్చినా అక్కడే ఉంది. ఆపి, మళ్లీ వేశాడు. నల్లటి తెర మీద చుక్కలు కాసేపు గుండ్రంగా తిరిగాయి. తర్వాత అవీ లేవు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. నా మీద కోపమా?" అంటూ ఆమె గోడ తడుముకుంటూ వచ్చింది.

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని కంప్యూటర్ డబ్బా మీద పెట్టాడు. ఎప్పుడూ సన్నగా అదిరే డబ్బా చల్లగా, కదలకుండా ఉంది. ఆమెకు అర్థమైంది.

కంపెనీవాళ్ల సాయం నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి, ఫోను ఆమె చేతికిచ్చాడు.

"మేడమ్, స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?" అని అడిగింది అటువైపు అమ్మాయి.

"నాకు చూపు లేదమ్మా."

"పక్కన ఇంకెవరైనా ఉన్నారా?"

"మా ఆయనున్నాడు. ఆయనకు మాట లేదు."

"సరే అమ్మా, తొందరేం లేదు. నిదానంగానే చేద్దాం" అంది ఆ అమ్మాయి.

ఆ అమ్మాయి చెప్పినట్టు చేస్తూ, తెర మీద వచ్చిన ప్రతిదాన్నీ ఆయన ఆమె అరచేతిలో వేలితో రాశాడు. ఆమె కూడబలుక్కుని ఫోనులో చెప్పింది. "అది వత్తా, గోకావా? సరిగ్గా రాయి" అని మధ్యలో కసిరింది. పవర్ బటన్ నొక్కిపట్టి మళ్లీ మళ్లీ ఆపి వేస్తే, నీలం తెర మీద రిపేరు మెనూ వచ్చింది. పాత సిస్టమ్‌కు వెనక్కి వెళ్లబోతే కుదరదంది కంప్యూటర్. ప్రింటర్ తీగ పీకేసి చూసినా అదే మాట.

"ఇక ఒక్కటే దారమ్మా. కొత్తది మొదట్నుంచీ వెయ్యాలి. మీ ఫోటోలు ఉంటాయి, ప్రోగ్రాములు పోతాయి."

"మాట్లాడే ప్రోగ్రాము కూడానా?"

"అదీ పోతుందమ్మా. దొరికితే మళ్లీ వేసుకోవచ్చు."

ఆమె ఆయనవైపు మొహం తిప్పింది. "ఏమంటావు?"

ఆయన ఆమె అరచేతిలో ఏదో రాయబోయి తుడిచేశాడు. చివరికి 'సరే' అని రాశాడు.

సాయంత్రానికి కంప్యూటర్ లేచి కూర్చుంది. పాత ప్రోగ్రాం మాత్రం దొరకలేదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారట. కొత్త సిస్టమ్‌తో పాటే చదివే గొంతొకటి వచ్చింది. వార్తలు చదివే కుర్రాడిలా నున్నటి గొంతు.

"ఏమైనా తిన్నావా?" అని టైపు చేశాడు.

"తిన్నానండీ" అంది ఆమె. వెంటనే నాలుక్కరుచుకుంది. పెళ్లయిన కొత్తలో తప్ప ఆయన్ను ఏనాడూ అండీ అనలేదు.

ఆయన ఆ గొంతు స్థాయి తగ్గించి చూశాడు, వేగం మార్చి చూశాడు. నూతిలోంచి వచ్చినట్టుంది.

"వదిలెయ్. అలవాటవుతుందిలే" అంది ఆమె.

తర్వాత వంటింట్లోంచి పోట్లాటలు ఆగిపోయాయి. పరాయివాడితో గొడవపడడానికి ఆమెకు నోరు రాలేదేమో. ఒకరోజు భోజనం చేసి వచ్చి ఆయన కావాలనే టైపు చేశాడు: "కూరలో ఉప్పెక్కువైంది."

"రేపు తగ్గిస్తాను" అంది ఆమె, మెల్లగా.

కూరలో ఉప్పు సరిగ్గానే ఉంది.