గడియ ఎటువైపు

లాండ్రీలో అందరూ అతన్ని ఇస్త్రీ మామ అంటారు. అతని చెయ్యి పడితే బట్ట మీద ముడత మిగలదు. మనుషుల ముందు మాత్రం నోరు పెగలదు. ఒకప్పుడు సొంత కొట్టుండేది. వాటాదారుతో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె విసిరాడు. ఆయనకు ఒక చెవి పోయింది. ఇతను నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు.

వచ్చినప్పటి నుంచి అక్క ఇంట్లోనే మకాం. బావ మంచివాడే గానీ, ఇతను ముందుగదిలోకి వస్తే చూస్తున్న టీవీ కట్టేసి లేచి వెళ్ళిపోతాడు. "నీకంటూ ఒక గదుంటే వచ్చి ఉంటాను నాన్నా, అత్త వాళ్ళింటికైతే రాను," అంది కూతురు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇల్లు వెతుకుతున్నాడు.

"అడక్కపోతే చెప్పకు. అడిగితే దాచకు," అని అక్క నూరిపోసింది. వినడానికి బాగానే ఉంది. కానీ అడగడమంటే ఎక్కడ మొదలైనట్టో అతనికి అంతుపట్టలేదు. ఇన్నాళ్ళూ ఎక్కడున్నారంటే, అది అడిగినట్టా, పలకరించినట్టా? మొదటి ఇంట్లో అడక్కుండానే చెప్పేశాడు. గది ఇప్పుడే ఇచ్చేశామన్నారు. రెండో ఇంట్లో చెప్పలేదు. ఎవరో ఇంటాయన చెవిన వేశారు, వారం తిరక్కుండా సామాను వీధిలో పడింది.

మూడోది మేడ మీది గది. ఇంటావిడ నర్సుగా చేసి రిటైరైంది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతూనే మాట్లాడింది.

"ఇంతకుముందున్నాయన మహా పెద్దమనిషి. పోతూ పోతూ బల్బులతో పాటు కుళాయి కూడా విప్పుకుపోయాడు. నువ్వేం పట్టుకుపోతావో మరి."

నవ్వాలో వద్దో తెలియక అతను తలూపాడు.

"ఈ తలుపు కాస్త మొండిది. గడియ పడుతుందో లేదో వేసి చూడు బాబూ," అందావిడ, గది మధ్యలో నిలబడి.

అతను బయటికి నడిచాడు. తలుపు లాగి గడియ వేశాడు. రెండుసార్లు గుంజి చూసి, పక్కకు జరిగి చేతులు కట్టుకున్నాడు.

లోపల్నుంచి ఆవిడ తలుపు తట్టింది.

"గడియ బాగానే పడింది గానీ, నన్నెప్పుడు వదుల్తావయ్యా?"

గబగబా తీశాడు.

"ఇంట్లో ఉండేవాడు లోపల్నుంచి కదయ్యా వేసుకునేది?"

"నాలుగేళ్ళు బయట వేసే గడియే చూశానమ్మా," అనేశాడు. ఆవిడ అడిగిందా, తనే చెప్పాడా? అదీ తేలలేదు.

ఆవిడ మంచం అంచున కూర్చుంది. ఏం చేశావంది. ఇస్త్రీపెట్టె సంగతి చెప్పాడు.

"తాగున్నావా?"

"లేదమ్మా."

"అయితే మరీ అన్యాయం," అని లేచి కిందికి దిగిపోయింది.

వెళ్ళమన్నట్టా, ఉండమన్నట్టా? గుమ్మంలో నిలబడిపోయాడు. అంతలో కింది నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "కుళాయి పొద్దున్నే వస్తుంది. బకెట్లు నింపుకోకపోతే నా ప్రాణం తియ్యకు."

అక్కకు ఫోన్ చేశాడు.

"ఇచ్చిందా?"

"ఇచ్చినట్టే ఉందక్కా."

"ఉండటమేంట్రా? తాళం చెవి ఇచ్చిందా?"

"లేదు. నీళ్ళ సంగతి చెప్పింది."

"వెళ్ళి అడుగు మొద్దూ."

"అడిగితే మళ్ళీ ఆలోచిస్తుందేమోనే."

ఫోన్‌లో అక్క తల బాదుకుంటున్న చప్పుడు. అతను మెల్లగా మంచం మీద కూర్చున్నాడు, ఎవరైనా లేపితే లేవడానికి వీలుగా, ఓ చివరన.