కరకు గొంతుకు ఉదాహరణ

రికార్డింగు స్టూడియోలో టీ ఇచ్చే అక్క ఎవరి చెవిలోనైనా రహస్యం చెబితే అది వీధి మలుపుదాకా వెళ్ళేది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అక్క నోరు మంచిదే, తంటా అంతా గొంతుతోనే. కాపురానికి వెళ్ళిన కొత్తలో అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుని తిరిగింది. అందుకే ఊరకున్నంత ఉత్తమం లేదని, స్టూడియోలో ఇరవై ఏళ్ళూ సైగలతోనే నెట్టుకొచ్చింది.

ఆ వారం అక్కడ చూపులేని పిల్లల కోసం వినే నిఘంటువు తయారవుతోంది. ఇంగ్లీషు మాట, అర్థం, వాడే తీరు, ఆ పైన ఒక ఉదాహరణ. 'స్ట్రైడెంట్' అనే మాట దగ్గర బండి ఆగింది. చదివే అమ్మాయిది తేనె గొంతు. ఎంత అరిచినా ముద్దుగానే ఉంది. నిఘంటువు రాస్తున్న పంతులమ్మ చూపు టీ పళ్ళెం మీద పడి, అక్కడినుంచి అక్క మీదికి మళ్ళింది. వీధంతా ఎరిగిన ఆ గొంతుతో ఉదాహరణకు ఒక్క మాట అరిచిపెట్టమని అడిగింది.

ముందు ఆ మాటకు అర్థం చెప్పమంది అక్క. పంతులమ్మ దాచలేదు.

"గట్టిగా, కరకుగా, చెవిలో గుచ్చుకునేట్టు ఉండే శబ్దమమ్మా. సైరన్లకీ, గొడవపడే గొంతులకీ వాడతారు. ఎక్కువగా నిందగానే."

అక్క మొహం మాడిపోయింది. ఇన్నాళ్ళూ వీధికే తెలిసిన లోపాన్ని ఇక పిల్లలకు పాఠంగా చెబుతారా? వెళ్ళిపోదామనుకుంది. కానీ చూపులేని పిల్లలకు గొంతే కదా మనిషి ఆనవాలు అనిపించి, ఎవరినీ తిట్టనని మాత్రం ముందే చెప్పి మైకు ముందు నిలబడింది. నోటికొచ్చిన మాట అరవమన్నారు.

"అమ్మా, వచ్చేశాను!"

శబ్దం కొలిచే మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. ఎవరూ నవ్వలేదు. ఎవరిని పిలిచావని పంతులమ్మ అడిగింది.

"మా అమ్మనండీ. ఆవిడకి చెవుడు. ఇంట్లో అందరూ అరిచి అరిచి మానేశారు. నేను మానలేదు. నాకు పదేళ్ళప్పటి నుంచి ఆవిడ పోయేదాకా, పెళ్ళయ్యాక పక్క వీధి నుంచి వచ్చి మరీ, రోజూ అరిచాను. నా మాటొక్కటే ఆవిడకి వినపడేది."

ఉదాహరణగా పంతులమ్మ ముందే రాసుకున్న వాక్యంలో ఎవరిదో కరకు గొంతు విని అందరూ విసుక్కున్నారు. ఆమె దాన్ని కొట్టేసి, ఇంగ్లీషులో కొత్తది రాసి, తెలుగులో చదివి వినిపించింది.

"కూతురి గొంతు కరకుగా ఉండబట్టే తల్లికి వినపడింది."

అక్క ఇంకోసారి చదివించుకుంది. కళ్ళు తుడుచుకుని, పంతులమ్మ చేతులు రెండూ పట్టుకుంది.

"మీ మేలు మరిచిపోనమ్మా," అంది, గొంతు తగ్గించకుండానే.