పక్క మంచం బిడ్డ

కింది వాటాలో ఎవరికో జ్వరమట, పొద్దున్నే బార్లీ ఉడికిస్తున్నారు. బార్లీది నిజానికి చెప్పుకోదగ్గ వాసన కాదు. తడిసిన అట్టపెట్టెకు కాస్త మర్యాద నేర్పితే అలా ఉంటుంది. అయినా అది నేరేడ్‌మెట్‌లోని మా మేడ మెట్లెక్కి కిటికీలోంచి లోపలికి వచ్చేసరికి నేను పేపరు పక్కన పెట్టి, ఎవరూ అడగకుండానే గొంతు తగ్గించి గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. గొంతు పట్టేసిందా మామయ్యా అని మా కోడలు అడిగింది. లేదమ్మా, రత్నమ్మ గారు గుర్తొచ్చారు అన్నాను. ఆవిడెవరంది. ఒక కప్పు కాఫీలో తేలే జవాబు కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

నలభై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం చివర. నిజాం రాజ్యం ఉంటుందా పోతుందా అన్న సంగతి సికింద్రాబాద్‌లోని ప్రతి హోటల్లోనూ పూటకొక రకంగా తేలుతున్న రోజులు. నేను రైల్వే ఆఫీసులో గుమాస్తాను, బి.ఏ. ప్యాసైనవాణ్ణి, ఎంతటివాళ్ళనైనా నవ్వించగలనని పేరున్నవాణ్ణి. ఈ మూడింటిలో మొదటిదానికే జీతం ఇచ్చేవారు. మా విమలకు అప్పుడు ఐదేళ్ళు. గొంతు నొప్పంది. మర్నాటికి మెడ వాచింది, ఊపిరి తీస్తుంటే చెక్క మీద రంపం లాగినట్టు చప్పుడు. డాక్టరు నోరు తెరిపించి చూసి కంఠసర్పి అన్నాడు, వెంటనే టాంగా పిలవమన్నాడు. గొంతులో పొర కట్టి ఊపిరాపేసే జబ్బు అది. అంటువ్యాధుల ఆస్పత్రిలో ఆ జబ్బు పిల్లల కోసమే ఒక వార్డు ఉండేది. రత్నమ్మ గారు ఆ వార్డు సిస్టరు. గుంటూరు వైపు మనిషి, మిషన్ ఆస్పత్రిలో చదువుకున్నావిడ. పొడుగ్గా, నల్లగా, గంజి పెట్టిన తెల్లచీరలో ఉండేవారు. ఆ వార్డులో అందరూ గుసగుసగానే మాట్లాడాలని ఆవిడ నియమం. ఆవిడ గుసగుస మాత్రం మా ఆఫీసరు అరుపుకన్నా స్పష్టంగా వినబడేది.

విమలకు సూదిమందు ఇచ్చి కిటికీ పక్క మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టారు. మంచానికీ మంచానికీ మధ్య పచ్చగుడ్డ తెర ఉంది. మా ఆవిడ సరోజ బిడ్డ దగ్గరికి పోబోతే రత్నమ్మ గారు ఆపి, తెరకు ఇటువైపున్న స్టూలు చూపించారు. అక్కడ మంచం మీద అదే ఈడు పిల్లవాడొకడు కళ్ళు పెద్దవి చేసుకుని మా వంక చూస్తున్నాడు. పేరు రహీం.

"మీరు ఈ బాబు దగ్గర కూర్చోండమ్మా," అన్నారావిడ.

"నా బిడ్డ గటుంది గదా," అంది సరోజ.

"అటుంది. అందుకే ఇటు కూర్చోమంటున్నాను."

నేను బి.ఏ. చదివినందుకు ఒక ప్రశ్న అడగాలి కనుక అడిగాను. ఆవిడ మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్ళి, గొంతులో పొర ఊడిపోయినా ఆ విషం చాలా రోజులు గుండెను పట్టుకుని ఉంటుందని చెప్పారు. బిడ్డ బాగైనట్టే కనబడుతుంది, కానీ లేచి కూర్చోకూడదు, గట్టిగా ఏడవకూడదు. తల్లి కనబడితే చేతులు చాస్తుంది. చాస్తే తల్లి ఎత్తుకుంటుంది. "ఒకావిడ అలాగే ఎత్తుకుంది. మర్నాడు ఇంటికి పంపుదామనుకున్న బిడ్డ, భుజం మీదే పోయింది. నేను పక్కనే ఉన్నాను, ఆపలేదు. ఎత్తుకోవద్దని తల్లికి ఎలా చెప్తాం అనుకున్నాను," అన్నారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకోలేదు, నిట్టూర్చలేదు. ఆ రోజు నుంచి ఆ వార్డులో ఎవరి బిడ్డ దగ్గర వాళ్ళు కూర్చోరు, పక్క మంచం బిడ్డ దగ్గర కూర్చుంటారు. కొత్తవాళ్ళను చూసి ఏ బిడ్డా ఎత్తుకోమని చేతులు చాచదు. అలాంటప్పుడు తల్లిదండ్రులను గేటు బయటే ఉంచేయొచ్చు కదా అన్నాను. "ఉంచొచ్చు. కానీ ప్రతి బిడ్డకూ పక్కన ఒక మనిషి ఉండాలి. నాకున్నది ఇద్దరు నర్సులు. బయట ఏ పనీ లేక ఏడుస్తున్నవాళ్ళు మాత్రం ఎంతమందైనా ఉన్నారు," అన్నారు. అలా మేము నౌకరీలో చేరాం.

మా విమల వంతు రహీం తండ్రికి వచ్చింది. ఖాజామియా అని, మోండా మార్కెట్ వెనక రేకు పెట్టెలు చేసేవాడు. రేకు వంచీ వంచీ కాయలు కాసిన చేతులు. అతని భార్య బాలింత, ఇంట్లోంచి కదలలేదు. మా తరఫున సరోజ పొద్దుటిపూట రహీం దగ్గర కూర్చునేది, ఆఫీసు కాగానే నేను కూర్చునేవాణ్ణి. మొదటి సాయంత్రం నా పేరు నిలబెట్టుకుందామని రహీంకు మా ఆఫీసరు నడక చూపించాను. వాడు కిలకిలా నవ్వాడు. తెర పక్కకు జరిగింది. రత్నమ్మ గారు వాడి మణికట్టు పట్టుకుని చాలాసేపు నాడి చూశారు, తర్వాత నన్ను చూశారు.

"ఏం చేశారు?"

"నవ్వించానండి."

"వీడి గుండెకు ఏడుపూ నవ్వూ ఒకటేనండి బి.ఏ. గారూ. మీకు చేతనైతే విసుగు పుట్టించండి."

అంతవరకూ నన్ను ఎవరూ అడగని విద్య అది. ఆలోచించి, కాజీపేట లైనులో స్టేషన్లు వరసగా చెప్పడం మొదలుపెట్టాను. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్. ఒక్కో స్టేషన్లో బండి ఎందుకు ఆగుతుందో, ఎందుకు కదలదో, ఆఫీసు భాషలో వివరంగా చెప్పేవాణ్ణి. రహీం భువనగిరి దాకా ఓపిక పట్టేవాడు, ఆలేరు వచ్చేసరికి నిద్రపోయేవాడు. ఆ తర్వాత జనగామ ఉందని వాడికి ఇప్పటికీ తెలిసి ఉండకపోవచ్చు. రత్నమ్మ గారు ఒకసారి తెర పక్కన నిలబడి విని, "బాగుంది," అన్నారు. నా జీవితంలో నాకు దొరికిన మెచ్చుకోళ్ళలో దాన్ని మించింది లేదు.

ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. నా కూతురి సంగతి నాకు తెలియదు, ఖాజామియాకు తెలుసు. అతని కొడుకు సంగతి అతనికి తెలియదు, నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఆస్పత్రి ఎదుట ఇరానీ హోటల్లో కూర్చుని ఒకరి బిడ్డను ఒకరికి చెప్పుకునేవాళ్ళం. "ఇయ్యాల బార్లీ అంత తాగింది సాబ్. పెట్టె మీద నెమలి ఎట్లేస్తవ్ మామా అని అడిగింది. జెర మెడ తిప్పుతున్నది," అనేవాడు. నేను రహీం గురించి చెప్పేవాణ్ణి. మా చుట్టూ బల్లల మీద రజాకార్లు, యూనియన్ సైన్యం, సరిహద్దు. మా బల్ల మీద బార్లీ. ఆ రోజుల్లో ఒక హిందువూ ఒక ముసల్మానూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుతుంటే జనం మమ్మల్ని ఏమనుకున్నారో తెలియదు. ఏమనుకున్నా, మేము దేశాన్ని పట్టించుకునే స్థితిలో లేము.

తర్వాత సైన్యం రానే వచ్చింది. పేపర్లు దాన్ని పోలీసు చర్య అన్నాయి. అంత పెద్ద పోలీసులను నేనెప్పుడూ చూడలేదు. నిజాం లొంగిపోయాడని రేడియోలో చెప్పిన మర్నాడు బజారంతా జెండాలు, దండలు, కేకలు. ముసల్మానుల గల్లీల్లో మాత్రం తలుపులన్నీ మూసి ఉన్నాయి. పల్లెల నుంచి ఏవేవో కబుర్లు వస్తున్నాయి, అవి మంచి కబుర్లు కావు. ఆ రోజు మాకు ఆఫీసు లేదు, నేనూ పొద్దున్నే ఆస్పత్రికి పోయాను. ఖాజామియా రాలేదు. ఇద్దరు నర్సుల్లో ఒకావిడా రాలేదు. రెండో నర్సు వార్డు చివర ఊపిరందని బిడ్డ దగ్గరుంది. తెర అవతల విమల ముందు మెల్లగా, తర్వాత గట్టిగా ఏడవసాగింది. అమ్మ కోసం కాదు. పెట్టెల మామ ఏడని. కొత్తవాణ్ణి చూసి చేతులు చాచదన్న శాస్త్రం అక్కడ కాస్త దెబ్బతింది. అన్ని రోజులకు ఖాజామియా కొత్తవాడు కాకుండా పోయాడు.

రత్నమ్మ గారు లోపలికి వెళ్ళి విమల భుజాలు పట్టుకుని పడుకోబెట్టి వచ్చారు. లేవబోతోంది, నాడి తప్పుతోంది, ఆయన్ని తీసుకురావాలి అన్నారు. నాకు ఇల్లు తెలుసు, వెళ్తానన్నాను.

"మీ ఒక్కరికి ఇవాళ తలుపు తియ్యరు. నా ఒక్కదానికి ఇల్లు తెలియదు. పదండి."

అని, తన తెల్ల ఏప్రాన్, తలగుడ్డ, ముక్కుకు కట్టుకునే గుడ్డ తీసి సరోజ చేతిలో పెట్టారు. ఈ నాలుగు మంచాలూ గంటసేపు మీవి అన్నారు. ఆ నాలుగింటిలో కిటికీ పక్క మంచం కూడా ఉంది.

"అది నన్ను గుర్తు పడితేనో?" అంది సరోజ.

"పట్టనివ్వకండి."

మార్కెట్ వెనక గల్లీలో ఖాజామియా తలుపు కొట్టాను. లోపల చిన్నబిడ్డ ఏడుపు ఉన్నట్టుండి ఆగింది, ఎవరో నోరు మూసినట్టు. పేరు చెప్పాను, చప్పుడు లేదు. ఆ రోజు పేరు చెప్పడం వల్ల ఉపకారం లేదని అప్పుడు తట్టింది. ఇంకేం చెప్పాలో తోచక, రోజూ సాయంత్రం చెప్పే మాటే తలుపుకు నోరు ఆనించి చెప్పాను. "రహీం పొద్దున బార్లీ మొత్తం తాగాడు. మెడ వాపు తగ్గింది." గడియ తీసిన చప్పుడైంది.

ఖాజామియా ముఖం ఒక్క రాత్రిలో సగమైంది. బస్తీవాళ్ళు గడప దాటొద్దన్నారట, భార్య చేయి వదలలేదట. "రహీం తాన మీరున్నరు గదా సాబ్, గా ధైర్యం తోని ఇంట్లున్న," అన్నాడు.

"ఆయనున్నారు," అన్నారు రత్నమ్మ గారు. "మరి పాప దగ్గర ఎవరున్నారు?"

ఖాజామియా భార్య వంక చూశాడు. ఆవిడ అతని చేయి వదిలేసింది. అతను చెప్పులు వేసుకున్నాడు. కన్న కొడుకు కోసం దాటని గడప నా కూతురి కోసం దాటాడు. నేను నవ్వించడానికి చాలా మాటలు నేర్చుకున్నాను కానీ, ఇలాంటి చోట వాడుకోవడానికి ఒక్కటీ నేర్చుకోలేదు.

తిరిగొచ్చేటప్పుడు మార్కెట్ మూల మీద దండలేసుకున్న కుర్రవాళ్ళు మాకు అడ్డం వచ్చారు. మధ్యలో ఉన్న ఖాజామియా గడ్డం చూసి, గీయన ఎవరు, యాడికి తోల్కపోతున్నరు అని అడిగారు. రత్నమ్మ గారు ఆగలేదు. నడుస్తూనే, "కంఠసర్పి వార్డు నుంచి వస్తున్నాం నాయనా. ముట్టుకుంటే అంటుకుంటుంది. నీకు చిన్నపిల్లలున్నారా?" అన్నారు. వాళ్ళు అటూ ఇటూ జరిగిన తీరు నేను ఏ ఊరేగింపులోనూ చూడలేదు. అక్కడి నుంచి ఆస్పత్రి దాకా వీధి నడిమధ్యనే నడిచాం. సికింద్రాబాద్ వీధి అంత వెడల్పని నాకు అంతవరకూ తెలియదు. గేటు దాటాక ఆవిడ ఒక్క క్షణం గోడకు చేయి ఆనించి నిలబడ్డారు. ఆవిడకూ భయమేసిందని అప్పుడే తెలిసింది. భయపడనివాళ్ళను చూసి నేనెప్పుడూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఆవిణ్ణి చూసి మాత్రం ఆశ్చర్యపోయాను.

వార్డు గుమ్మంలో ఆవిడ చేయి అడ్డం పెట్టి మమ్మల్ని ఆపారు. కిటికీ పక్కన సరోజ, కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా గుడ్డ కట్టుకుని, విమల నుదుటి మీద చేయి ఉంచి కూర్చుని ఉంది. విమల వెక్కుతోంది కానీ లేవడం లేదు.

"సిస్టరమ్మా, మా అమ్మ ఎప్పుడొస్తది?"

సరోజ వంగి గుసగుసగా చెప్పింది. గుసగుసలో ఎవరి గొంతైనా ఒకటే. "మంచిగ పండుకుంటే వస్తది."

"నువ్వు చూసినవా మా అమ్మను?"

"చూసిన."

పడుకున్నవాళ్ళకు పట్టే కొమ్ము కప్పుతో నీళ్ళు తాగించింది. అప్పుడు ఖాజామియా లోపలికి వెళ్ళాడు. విమల "మామా" అని కళ్ళు మూసుకుంది. సరోజ లేచి తెర ఇవతలికి వచ్చి, ముఖం గుడ్డ విప్పి, స్టూలు మీద కూర్చుని రహీంకు బార్లీ పట్టబోయింది. బార్లీ కప్పు అంచు దాటి దుప్పటి మీద ఒలికింది. రత్నమ్మ గారు కప్పు తను తీసుకుని, రెండో చేత్తో సరోజ చేయి పట్టుకుని, రహీంకు తాగించారు.

పిల్లలిద్దరూ బతికారు. ఇంటికి పంపే రోజున, ఎవరు ఎవరి దగ్గర కూర్చున్నారో వాళ్ళే ఆ బిడ్డను గేటు దాకా ఎత్తుకుని తేవాలని రత్నమ్మ గారి ఆనవాయితీ. విమలను ఖాజామియా తెచ్చి సరోజకు ఇచ్చాడు. రత్నమ్మ గారు కొన్నేళ్ళకు గుంటూరు వైపు వెళ్ళిపోయారు. ఆవిడ పెట్టిన ఉద్యోగం నేను ఇంకా మానలేదు. తెలిసినవాళ్ళ బిడ్డ ఏ ఆస్పత్రిలో ఉందన్నా వెళ్తాను. బిడ్డ ఎలా ఉందని తర్వాత అడుగుతాను, ముందు పక్క మంచం వాళ్ళెవరని అడుగుతాను. పరామర్శకు వచ్చి ఇదేం మాటని కొందరు అనుకుంటారు. అయినా కాసేపటికి పక్క మంచం వైపు తిరిగి పలకరిస్తారు. అది మొదలైతే నా పని అయినట్టే.

విమల పెద్దదయ్యాక తల్లిని ఆటపట్టించేది. ఆస్పత్రిలో అన్ని రోజులు పడి ఉంటే నువ్వు ఒక్కసారి కూడా నా మంచం దగ్గరికి రాలేదు, ఎవరో సిస్టరమ్మ వచ్చి నీళ్ళిచ్చింది అనేది. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక, ఆ మాటలో ఆట కొంచెం తగ్గింది. సరోజ ఎప్పుడూ "నాకు తీరలే బిడ్డా" అని ఊరుకునేది. ఎందుకు చెప్పవని ఒకసారి నేను గట్టిగా అడిగాను. "ఎవరూ లేనప్పుడు దానికి ఒక సిస్టరమ్మ దొరికింది. ఆమెను దాని తాన నుంచి నేనెందుకు గుంజుకోవాలె?" అంది.

సరోజ ఇప్పుడు లేదు. నేనూ చెప్పలేదు. ఇక్కడ రాయడంలో ప్రమాదమేమీ లేదు, విమల నేను రాసింది చదవదు. మొన్న వచ్చినప్పుడు ఎందుకో ఆ రోజుల మాట వచ్చింది. నాన్నా, ఆ సిస్టరమ్మ ముఖం గుర్తులేదు కానీ, నుదుటి మీద పెట్టిన చేయి ఎంత చల్లగా ఉండేదో ఇప్పటికీ గుర్తుంది అంది.

ఔనమ్మా, చల్లగానే ఉండేది అన్నాను.