గోడ అవతలి నిద్ర

బతుకుతెరువుకు వలసొచ్చిన డిండోలిలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకటే గోడ. ఇటు తాలింపు వేస్తే అటు తుమ్ముతారు. అటువైపు సిరిసిల్ల దగ్గరి నుంచి వచ్చిన నేత కుటుంబం, మొగుడూ పెళ్లామూ. ఆయనది సాంచాల కార్ఖానాలో, అంటే మరమగ్గాల మీద, రాత్రి పాళీ. మేమూ వరంగల్ వైపు వాళ్లమే, కాకపోతే క్యాథలిక్కులం. వాళ్ల బతుకమ్మకు బంతిపూలు మా అత్తే తెస్తుంది. మా క్రిస్మస్ గారెలకు ఆ ఇల్లాలి చేయి పడాల్సిందే.

అక్టోబరు మాకు జపమాల నెల. మరియమాత స్వరూపం రోజుకో ఇంటికి వస్తుంది. ఆడవాళ్లంతా పాటలతో తెచ్చి, జపమాల చెప్పుకుని, శనగ గుడాలు పంచుకుంటారు. సాయంత్రం నీళ్లు పట్టుకోవడమూ వంటా ఉంటాయి కాబట్టి అందరికీ కుదిరేది మధ్యాహ్నమే. డోలక్ తప్పనిసరి. మా అత్త గొంతు అంతకంటే తప్పనిసరి. ఆమె పాట ఎత్తుకుంటే వీధి చివర సమోసాల బండివాడు కూడా తల తిప్పి చూస్తాడు. మా ఇంటి వంతు కోసం ఏడాదంతా ఎదురుచూస్తుంది.

రెండేళ్ల కిందట మా వంతు దగ్గరపడ్డప్పుడే పక్కింటాయన నిద్రమత్తులో నడుస్తున్న సాంచా మీద చేయి పెట్టాడు. బొటనవేలు నలిగింది. ఇంకోసారి కునుకు తీస్తే పనిలోకి రావద్దని కార్ఖానా యజమాని శేఠ్ అన్నాడట. నాకు మాత్రం పని పోవడం కంటే చేయి పోతుందనే ఎక్కువ భయమేసింది. పగలు ఆయన కంటినిండా నిద్రపోవాలి, అంతే.

నాకు నోరు ఆగదు. అత్తతో వెంటనే అన్నాను.

"అత్తమ్మా, ఈసారి పాటలు వద్దు. ఆయన లేస్తడు."

"ఏడాదికొక్క పూట దేవమాత మనింటికొస్తది. నోరు మూసుకొని కూసోవాల్నా? ఏంది నీ మాట?"

"ఆమె కొడుకు గూడ పడవల పండుకున్నోడే. లేపింది శిష్యులే, తల్లి గాదు."

"మాటకు మాట బాగనే చెప్తవ్," అని విసుక్కుని, గుడాలు ఉడికించడానికి పెద్ద గంజు అడగడానికి పక్కింటికి వెళ్లింది.

ఉత్త చేతులతో తిరిగొచ్చింది. "ఆ పిల్ల గడపల కూసొని కూరగాయల బండోనికి గంట కొట్టొద్దని సైగ చేస్తున్నది. మొగని నిద్రకు కావలి కాస్తున్నది. గంజు అడగబుద్ధి కాలే," అంది.

గుడిలో ఫాదర్ న్యాయం గురించి చెప్పే ప్రసంగం విన్నప్పుడల్లా నాకు శేఠ్‌లే గుర్తొచ్చేవారు. వాళ్లను తలుచుకుని తల ఊపడం తేలికే. మా ఇంటి గోడకు కూడా ఆ మాటతో సంబంధం ఉంటుందని మా అత్త చూపించింది.

మర్నాడు మధ్యాహ్నం స్వరూపం ఎత్తుకుని, డోలక్ వాయిస్తూ అందరూ వస్తున్నారు. అత్త వీధి మొదట్లోనే వాళ్లకు అడ్డంగా నిలబడింది.

"జర ఆగుండ్రి. ఇక్కడి సంది పాట లేదు. పక్కింటాయన రాత్రంత పని చేసొచ్చి పండుకున్నడు."

"పాట లేకుంట దేవమాతను తెస్తరా వదినా? పాపం గాదా?" అంది ఒకావిడ.

"ఆయన నిద్ర మనది కాదు గదా. మనది కానిది తీసుకొని దేవమాతకిస్తమా?"

డోలక్ ఆవిడ డోలక్‌ను కొంగులో చుట్టేసింది. చెప్పులు వీధిలోనే విప్పి, పెళ్లివారింట్లో దొంగల్లా మా గదిలోకి వచ్చారు. అంతమంది గుసగుసగా జపమాల చెప్పడం నేనెప్పుడూ వినలేదు. మధ్యలో ఒకావిడకు ఎక్కిళ్లు పట్టుకున్నాయి. కొంగులు నోట్లో కుక్కుకుని అందరం నవ్వాం. మా అత్త మాత్రం కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, తన పాటంతా లోపలే పాడుకుంది. ఆ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఈ ఇంటికి కోడలిగా పంపినందుకు దేవుడికి ఆ పూట మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను.

సాయంత్రం పక్కింటాయన లేచి, పనికి తయారై, మా గుమ్మం దగ్గర ఆగాడు. కళ్లు తేటగా ఉన్నాయి.

"పెద్దమ్మా, ఇయ్యాల దేవమాత రాలేదా? నీ పాట ఇనపడలే."

"వచ్చింది బిడ్డా. నువ్వు పండుకున్నవని పాడలే."

ఆయన టిఫిన్ డబ్బా కింద పెట్టాడు. "గట్లయితే ఇప్పుడు పాడు పెద్దమ్మా. ఇనే పోత."

డోలక్ లేకుండానే అత్త పాడింది. ఆయన భార్య కూడా వచ్చి పక్కన నిలబడింది. పనికి ఆలస్యమవుతున్నా, కట్టు కట్టిన చేయి గుండెకు ఆనించుకుని, పాట పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు.

తెల్లవారి ఆయన పని నుంచి వచ్చి అవతల గడియ తీసిన చప్పుడైంది. అత్త జపమాల చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"చేతులు మంచిగున్నయా చూసి రా పో."

వెళ్లి చూశాను. కట్టున్న చేయి తడవకుండా పైకెత్తి, రెండో చేత్తో మొహం కడుక్కుంటున్నాడు. వచ్చి చెప్పాను. అత్త సిలువ గుర్తు వేసుకుంది. నేను పొయ్యి మీద పెట్టబోతున్న కుక్కర్ నా చేతిలోంచి తీసుకుని, అన్నం మామూలు గిన్నెలో వండమంది. మా ఇంట్లో పగటిపూట కుక్కర్ కూత వినిపించి రెండేళ్లయింది.