మొగలి అత్తరు పెట్టెలో పసుపు దారం

మొన్న ఆదివారం మా మనవరాలు భువనేశ్వర్ నుంచి వస్తూ నా కోసం ఒక ప్లాస్టిక్ పెట్టె తెచ్చింది. లోపలున్నవన్నీ పైకి కనిపించేటట్టు గాజులాంటి మూత, ఇరవై పైచిలుకు చిన్న చిన్న అరలు, ఒక్కో అరలో ఒక్కో రంగు దారం రీలు పెట్టుకోవచ్చట. మామ్మ కుట్టుసామానంతా బరంపురంలోని ఈ పాత ఇంట్లో, ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియకుండా పడి ఉందని దానికి బెంగ. పెట్టె నా ఒళ్ళో పెట్టి నా మొహంలోకి చూస్తూ నిలబడింది. నాకు సంతోషం కలగలేదు, కోపమూ రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ పెద్దగా కలగడం లేదు. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయకాసిన వేలికొనకి పోటు తెలియనట్టు ఉంటోంది మనసు. దాన్ని దుఃఖమని అనుకోకండి, నా ఈడు వాళ్ళకైతే విడమరిచి చెప్పక్కర్లేదు.

కొత్త పెట్టెకి చోటు చేద్దామని మనవరాలు అలమారలో అడుగున వెతికి ఒక చెక్కపెట్టె పైకి తీసింది. మూత తెరిచి, ఇంకా మొగలి పువ్వు వాసన వేస్తోందని నా ముక్కు దగ్గర పెట్టింది. నాకేమీ తెలియలేదు. తెలిసినట్టు తల ఊపాను.

ఆ పెట్టె నాతో పాటే ఈ ఇంటికి కాపురానికి వచ్చింది. నేను పుట్టింది రంభ అనే ఊరి పక్క పల్లెలో. మా నాన్నగారిది మొగలి అత్తరు వ్యాపారం. పువ్వు కోతల రోజుల్లో అత్తరు తీసే బట్టీల దగ్గర్నుంచి ఆయన ఇంటికొస్తే, కాళ్ళు కడుక్కునే నీళ్ళు కూడా పరిమళించేవి. అత్తరు బుడ్లు దూరప్రాంతాలకి పంపే పెట్టెల్లో ఒకటి, ఆకుపచ్చ మెత్తని గుడ్డ అంటించిన పది అరలది, నాకు నచ్చిందని నా సారెలో పెట్టారు. పుట్టింటి నుంచి నేను తెచ్చుకున్న వస్తువుల్లో నాకు గర్వంగా ఉండేది అదొక్కటే. మిగతావన్నీ అందరూ తెచ్చుకునే ఇత్తడి సామానే.

అత్తవారిది బరంపురం బజారులో పప్పుల టోకు వ్యాపారం. ఇంట్లో లోటేమీ లేదు, అయినా మా అత్తగారి చేతులు ఖాళీగా ఉండేవి కావు. దర్జీలు మిషను మీద కుట్టిన జాకెట్లకి హుక్కులు, కాజాలు, అంచు మడతలు ఆవిడ చేత్తో వేసేవారు. ఆవిడ అంచు కుట్టు లోపలివైపు ఎంత వెతికినా కనబడేది కాదు. మా వీధి తెలుగు కుటుంబాల్లో ఒక ఆనవాయితీ ఉండేది. పెళ్ళికూతురి జాకెట్టుకి హుక్కులు కుట్టడం ఎవరంటే వాళ్ళ చేత చేయించేవారు కాదు. పిల్లాపాపలతో, భర్తతో చల్లగా ఉన్న పెద్ద ముత్తయిదువ, పసుపు నీళ్ళలో తడిపి ఆరబెట్టిన దారంతో కుట్టాలి. ఆ చెయ్యి మా అత్తగారిది. మాఘమాసం వచ్చిందంటే మా వసారాలో చెప్పులకి చోటుండేది కాదు. డబ్బు తీసుకునేవారు కాదు, తాంబూలం ఒక్కటే. ఆ తాంబూలం పళ్ళెం పట్టుకుని ఆవిడ లోపలికి వచ్చే నడకలో ఒక ఠీవి ఉండేది.

ఇక ఆవిడ సామాను సంగతి చెప్పాలి. నశ్యం డబ్బాలో నల్లదారం, వక్కపొడి డబ్బాలో ఎరుపు, పాలపొడి డబ్బాలో తెలుపు, తలనొప్పి మందు సీసాలో కాజాలకి వాడే పట్టుపోగులు, మూత బిరడా ఉన్న వెదురు గొట్టంలో సూదులు, అరగదీసిన కొబ్బరి చిప్పలో హుక్కులు. పసుపు దారానికి మాత్రం తాటాకుతో అల్లిన చిన్న బుట్ట. అలమారలో అన్నీ ఎగుడుదిగుడుగా, కొన్ని తుప్పు పట్టి, కొన్ని మూతలు సరిగా పట్టక ఉండేవి. పక్కవీధిలోనే కాపురం ఉన్న మా ఆడపడుచు ప్రతి ఆదివారం వచ్చి, డజను సూదులకి దారాలు ఎక్కించి ఏ రంగువి ఆ డబ్బాలో గుడ్డపీలికకి గుచ్చి వెళ్ళేది. తల్లీకూతుళ్ళ ముచ్చట అనుకున్నాను. నన్ను ఎక్కించమనలేదేమా అని లోపల కొంచెం ఉక్రోషం కూడా పడ్డాను.

నా పెళ్ళయిన మొదటి ఏడు, మాఘమాసానికి ముందు, అత్తగారు సోనేపూర్‌లో తన చెల్లెలి ఇంటికి నాలుగు రోజులు వెళ్ళారు. కొత్త కోడల్ని, మెప్పు కోసం మొహం వాచి ఉన్నాను. నా అత్తరు పెట్టె తీసి, ఆవిడ దారాలన్నీ సూదులతో సహా రంగుల వరసన అరల్లోకి సర్దాను. ఒక కొస నలుపుతో మొదలుపెట్టి, రెండో కొస పసుపుతో ముగించాను. పాత డబ్బాలు బూడిదతో తోమి వంటింట్లో ఆవాలకి, మెంతులకి వాడేశాను. నాలుగు రోజులూ ఆ పెట్టె తెరిచి చూసుకుని మురిసిపోయాను.

ఆవిడ తిరిగొచ్చి అలమార తడిమారు. నేను పెట్టె తెచ్చి ముందు పెడితే, బాగుందమ్మా అన్నారు. అంతే. మర్నాడే ఒక పెళ్ళివారి జాకెట్టు వచ్చింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. పసుపు దారం ఎక్కడుందని వసారాలోంచి అడిగితే, కుడివైపు చివరి అరలో అని కేకేసి చెప్పాను. పెట్టె రెండు వైపులా ఒకేలా ఉంటుంది. ఆవిడ దాన్ని అటుది ఇటు తిప్పి పెట్టుకున్నారని నాకు తెలియదు. తలుపు సందులోంచి చూస్తే, సూదీ దారం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటున్నారు. నా మొగలి వాసన ఆవిడకి నచ్చిందనుకుని పొంగిపోయాను. పసుపు వాసన కోసం వెతుకుతున్నారని నాకెలా తెలుస్తుంది? జాకెట్టు ఆవిడే మడత పెట్టి, ఆవిడే పెళ్ళివారి మనిషి చేతికిచ్చి పంపారు.

రెండోరోజు పొద్దున్నే పెళ్ళికూతురి మేనత్త వచ్చింది. లోపలికి రాలేదు, గడప అవతలే నిలబడి జాకెట్టు విప్పి చూపించింది. పసుపురంగు పట్టు మీద హుక్కులన్నీ నల్లదారంతో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎంత పొందికగా ఉందంటే, కావాలని కుట్టినట్టే ఉంది.

“పెళ్ళిపిల్ల జాకెట్టుకి నల్లదారం ఏటమ్మా? మా పిల్ల నీకేటి సేసింది?” అందావిడ. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

మా అత్తగారు జాకెట్టు వైపు చూడలేదు. “సెయ్యి పొరపాటమ్మా. నాదే,” అన్నారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. దారాలు మార్చింది నేనని ఒక్క మాట అంటే సరిపోయేది. ఇప్పుడు నన్ను పట్టుకున్న ఈ తిమ్మిరి బహుశా ఆ తలుపు వెనకే మొదలయ్యి ఉంటుంది.

ఆవిడ వెళ్ళాక అత్తగారు నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. నా చెయ్యి తడుముకుని పట్టుకున్నారు. “నాను సూసి తియ్యనే అమ్మా, తడిమి తీస్తాను. రంగులు కనపడక మూడేళ్ళయింది. నీకు తెలీదు, నీ తప్పేటుంది? ఈ మాట మాత్రం గడప దాటనీకు. మీ మావకీ సెప్పకు,” అన్నారు.

మా ఆడపడుచుకి ఒక్కదానికే తెలుసట. అదే రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చి, నన్నేమీ అనకుండా, ఆవాలు, మెంతులు పళ్ళెంలోకి వంపి ఏ డబ్బాలో ఏ దారమో చెప్తుంటే నేను మళ్ళీ పెట్టాను. అత్తగారు వచ్చి అన్నీ ఒకసారి తాకి చూశారు. తోమిన డబ్బాలు నున్నగా తగిలాయేమో, నశ్యం డబ్బా మీద వేలు కాసేపు ఆగింది. తర్వాత అలమార తలుపు మూసేశారు.

ఆ పెళ్ళికి అడ్డేమీ రాలేదు. ఆ జాకెట్టు ఇంకెవరో విప్పి కుట్టారు, ఆ పెళ్ళికూతురు ఇప్పుడు మనవల్నెత్తింది. మా వసారాకి మాత్రం మరి జాకెట్లు రాలేదు. ఆవిడ కుళ్ళుతో కుట్టిందని కొందరు, పెద్దరికం తలకెక్కిందని కొందరు అనుకున్నారు. కళ్ళు కనబడవన్న ఒక్క మాటతో అవన్నీ ఆగిపోయేవి. కానీ చూపు పోయిన ఇల్లాలంటే ఇంట్లో ఒక మూల కూర్చోబెట్టి అన్నం పెట్టే మనిషన్న రోజులవి. శుక్లాల ఆపరేషనంటే ఆవిడకి చచ్చేంత భయం. అందుకని చెడ్డదాన్ని అనిపించుకోవడానికే ఒప్పుకున్నారు. పదకొండేళ్ళు అలాగే బతికారు. నేను ఆ మాట గడప దాటనివ్వలేదు, నా మాటా చెప్పలేదు, ఆవిడ మాటా చెప్పలేదు. ఆవిడ పోయిన రోజు అందరూ ఏడుస్తున్నారు, నాకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు.

ఇప్పుడు చూపు మందగించిందంటే పొద్దున్న ఆసుపత్రికి వెళ్ళి సాయంత్రానికి నల్లకళ్ళద్దాలతో ఇంటికొస్తున్నారు, ఫోనులో అందరికీ చెప్పుకుంటున్నారు. జాకెట్లు కుట్టిన వాళ్ళే హుక్కులూ వేసి ఇస్తున్నారు, పసుపు దారం సంగతి అడిగేవాళ్ళు లేరు. నా కళ్ళ జబ్బు వేరు, దానికి ఆపరేషను లేదని, ఒక్కదాన్నే వెళ్ళి చూపించుకుంటే డాక్టరు చెప్పాడు. ఏడాదిగా నాకూ నలుపూ నీలమూ ఒకటే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అత్తగారి అలవాటే నాకూ వచ్చినట్టుంది.

ఆదివారం నాడు మా మనవరాలు నశ్యం డబ్బా మూత తీసి, ఆ కొత్త ప్లాస్టిక్ పెట్టెలోకి వంపబోయింది. ఆగమ్మా అన్నాను. నాకు రంగులు కనబడటం లేదు, డబ్బాని బట్టి తీసుకుంటున్నాను అని చెప్పేశాను. ఇన్నేళ్ళుగా ఈ గడప దాటని మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేసింది. చెబితే గుండె బరువు దిగుతుందంటారు, నాకేమీ దిగినట్టు అనిపించలేదు.

ఆ పిల్ల అయ్యో అనలేదు. ప్లాస్టిక్ పెట్టె తన సంచిలో పెట్టేసుకుని, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. డబ్బాలన్నీ ముందు పెట్టుకుని, ఏ డబ్బాలో ఏ రంగు ఉండాలి మామ్మా అని అడిగింది. ఆవిడ ఊరి నుంచి వచ్చేదాకా ఆ నాలుగు రోజులూ ఆగి, ఈ మాటొక్కటి నేను మా అత్తగారిని అడిగి ఉంటే సరిపోయేది.