కోటేశ్వరమ్మ మిరప కల్లం

నా ఏడాది పంటను నా చేతులతో నేనే వానకు అప్పగించబోయిన కథ ఇది. నవ్వండి, ఫర్వాలేదు. మా ఊరంతా ఇప్పటికే నవ్వేసింది, మిగిలింది మీరే.

ముందు నా సంగతి. నాకు ఒకరిని అడగడమంటే మహా నామోషీ. "నాకు తెలియదు" అన్న మాట బుద్ధెరిగాక నా నోట రాలేదు. ఈ నియమం ఎవరు పెట్టారని అడక్కండి, నేనే పెట్టుకున్నాను. పక్క చేను ఆంజనేయులన్న ఒకసారి గట్టు మీద నిలబడి, "ఒరేయ్ శేషగిరీ, తామర పురుగు చేరింది చూడు. నీలం జిగురు అట్టలు కట్టరా," అన్నాడు.

"నా చేలో ఏం కట్టాలో నాకు తెలుసులే," అన్నాను. అప్పటినుంచి మా మధ్య మాటల్లేవు.

మాటలు పోయాయి గానీ పురుగు పోలేదు. అప్పుడు మా ఆవిడ రమణ ఫోనులో ఒక రైతుల గుంపు చూపించింది. ఎవరైనా ప్రశ్న వేయొచ్చు, తెలిసినవాళ్ళు జవాబిస్తారు. "అక్కడ మీరెవరో ఎవరికీ తెలీదుగా, అడగండి," అంది.

అడిగాను. ప్రాణం పోయినా నా పేరుతో మాత్రం కాదు. "కోటేశ్వరమ్మ, చీమకుర్తి అవతల" అని పెట్టుకున్నాను. అది మా ఊరికి గంట దూరం. గ్రానైట్ తవ్వుకునే చోట మిరప చేను ఎక్కడుందని వెతికేవాడు ఉండడని నా తెలివి.

"మిరప మాస్టారు" అనే ఆయన జవాబిచ్చాడు. "నీలం జిగురు అట్టలు కట్టండమ్మా. నాలుగు మందులు కలిపి కొట్టకండి." ఎంత మర్యాద, ఎంత జ్ఞానం. మర్నాడే కట్టాను. గట్టు అవతలనుంచి ఆంజనేయులన్న వాటిని చూసి ఊరికే దగ్గాడు. ఆపైన ఎరువైనా నీరైనా కోతైనా మాస్టారినే అడిగాను. ఆయన ఫోటో దొరికితే దేవుడి పటాల పక్కన పెట్టేవాణ్ణి.

కాయ కోసి కల్లంలో ఎండబోశాం. ఇంకో రెండు రోజులు ఎండితే బస్తాలకు ఎత్తొచ్చు. ఆ మధ్యాహ్నం పడమర నల్లబడింది. కప్పుదామని పట్టలు విప్పితే ఎలుకలు వాటిని జల్లెడ చేసి పెట్టాయి. ఎండిన కాయ తడిస్తే బూజు పట్టి తాలైపోతుంది. అంటే ఏడాది కష్టం అక్కడే కుళ్ళిపోతుంది.

"ఆంజనేయులన్న కాయ నిన్ననే కోల్డ్ స్టోరేజీకి పోయింది. ఆయన పట్టలు ఖాళీగానే ఉంటాయి, పోయి అడగండి," అంది రమణ.

"ఆయన్నా? నేనా?" అని ఫోను తీశాను.

"మబ్బు పట్టిందండి. పట్టలు చిల్లులు పడ్డాయి. ఏం చేయను?" అని మాస్టారికి రాశాను.

"ఇంట్లో మగవాళ్ళు లేరామ్మా?"

ఉన్నారంటే గుట్టు బయటపడుతుందేమోనని, "లేరండి," అన్నాను. అలా నన్ను నేనే చంపుకున్నాను.

"కల్లం ఎక్కడ?"

"చీమకుర్తి దాటగానే, రోడ్డు పక్కన."

"ధైర్యంగా ఉండండమ్మా," అన్నాడు. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

ఇద్దరం కాయను కుప్పకు లాగడం మొదలుపెట్టాం. అరగంట గడిచింది. చల్లగాలి కొట్టింది. "మీరు పోతారా, నన్ను పొమ్మంటారా?" అంది రమణ. నామోషీ అంతా మింగి ఆంజనేయులన్న ఇంటికి పరిగెత్తాను. గడపలో సుబ్బులు వదిన బియ్యం ఏరుతోంది.

"వదినా, అన్న పట్టలు కావాలి."

"పట్టలెక్కడియ్యి శేషగిరీ? చీమకుర్తి అవతల ఎవరో కోటేశ్వరమ్మంట. పాపం మగదిక్కు లేదంట. పట్టలన్నీ ట్రక్కు ఆటోలో ఏసుకుని అరగంట క్రితమే పోయాడు."

అంటే నా మిరప మాస్టారు మా ఆంజనేయులన్నే!

ఫోను చేశాను. ఎత్తలేదు. నా పేరు చూసి ఎందుకు ఎత్తుతాడు? వదిన ఫోను ఇంట్లోనే చార్జింగు లేక ఆరిపోయి ఉంది. ఆయన చూసే చోటు ఇక ఒక్కటే, ఆ గుంపు. ఉరుము వినబడింది. వందలమంది చూసే చోట రాశాను: "మాస్టారూ, నేను కోటేశ్వరమ్మను కాను. మీ పక్క చేను శేషగిరిని. మగదిక్కు నేనే. వెనక్కి రా అన్నా. తప్పయింది."

ఆయన చూశాడో లేదో తెలియదు. మిగతావాళ్ళు మాత్రం చూశారు. నవ్వుతారనుకున్నాను. వేటపాలెం నుంచి ఒకావిడ, "శేషగిరి గారూ, ఆయనొచ్చేదాకా దుప్పట్లు, చీరలు ఏవుంటే అవి కప్పండి," అని రాసింది. ఇంకొకాయన కుప్ప చుట్టూ చిన్న కాలవ తీయమన్నాడు. ఎవరూ వెక్కిరించలేదు. ఏళ్ళ తరబడి నేను దేనికి భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

కాలవ తీశాను. రమణ పెళ్ళి పట్టుచీర కూడా కుప్పెక్కింది. మొదటి చినుకులు పడుతుండగా ట్రక్కు ఆటో వచ్చి ఆగింది. ఆంజనేయులన్న దిగి, నా మొహం చూడకుండా పట్ట విదిల్చాడు.

"కోటేశ్వరమ్మా, ఆ కొస పట్టుకో," అన్నాడు.

అంచున ఉన్న కాయ కొంత తాలైంది, మిగతాదంతా నిలిచింది. వాన వెలిశాక అడిగాను. "మాస్టారివి నువ్వేనని ఒక్క మాట చెప్పొచ్చుగా అన్నా?"

"ఐదో క్లాసు చదివినోడి మాట ఎవడింటాడ్రా? నువ్విన్నావా? అందుకే మాస్టారని పెట్టుకున్నా."

నాకు నిజంగా సిగ్గేసింది.

కాబట్టి తడిసిన పట్టుచీర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏది అడిగినా సొంత పేరుతో, సొంత ఊరితోనే అడుగుతాను. ఇంట్లో మగవాళ్ళు లేరా అని ఎవరైనా అడిగితే, "ఒకడున్నాడండి, వాడికేమీ తెలియదండి," అని ఉన్నదున్నట్టు చెబుతాను.