ధనుర్మాసపు సైకిలు లైటు

నాకు మోటారు సైకిలు నడపడం రాదు. నేర్చుకోబోయి ఒకసారి పంటకాలువలో దిగాను. అప్పటినుంచి ఆ బండి జోలికి నేను పోలేదు. మాది ఉంగుటూరు దాటాక కాలువ వెంట ఉండే ఊరు. నేను అర్చకత్వం చేసే గుడి పక్క ఊళ్ళో ఉంది. మధ్య నాలుగు కిలోమీటర్ల గట్టు రోడ్డు. ఏడాదిలో పదకొండు నెలలు తెల్లవారాక తీరిగ్గా సైకిలు తొక్కుకుంటూ వెళతాను. ధనుర్మాసం నెల్లాళ్ళు మాత్రం నాలుగున్నరకల్లా తలుపులు తీసి స్వామికి మేలుకొలుపు పాడాలి. మా తాతగారి రోజులనుంచి ఆ సేవ మా ఇంటివాళ్ళదే.

ఇబ్బందేమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే మా రోడ్లు సగం కల్లాలైపోతాయి. నూర్చిన ధాన్యాన్ని తారు రోడ్డు మీద ఒక వారగా ఆరబోసి, సాయంత్రానికి కుప్ప చేసి నల్ల బరకాలు కప్పుతారు. లారీలు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. కొల్లేటి వైపునుంచి మంచు కమ్మిందంటే రాయేదో రోడ్డేదో తెలియదు.

రెండేళ్ళ క్రితం ధనుర్మాసం మొదటిరోజున, అలవాటైన దారే కదా అని లైటు లేకుండా బయల్దేరి అలాంటి రాయికి కొట్టుకుని పడ్డాను. మణికట్టు బెణికింది. కుప్ప పక్కన దుప్పటి కప్పుకుని కాపలా పడుకున్న ఆవిడ ఉలిక్కిపడి లేచింది. భర్త పోయాక కౌలు సేద్యం తనే చూసుకుంటున్న మనిషి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "రోడ్డంతా నీదేనా?" అని కేకలేశాను. "తప్పయిపోయిందండీ పంతులుగారూ, దెబ్బలేమైనా తగిలాయాండీ?" అంది పాపం. నేను సైకిలు లేపుకుని వచ్చేశాను.

గుడి చేరేసరికి అయిదయింది. మూసిన తలుపుల ముందు జనం శాలువాలు కప్పుకుని నిలబడి ఉన్నారు. కమిటీ పెద్దాయన నా దగ్గరికొచ్చి, "మీకు మరీ శ్రమవుతున్నట్టుందండీ. ఇంకొక్కసారి ఇలాగైతే, ఈ ఊళ్ళోనే ఎవరినైనా చూసుకుందామాండీ?" అన్నారు. మా వైపు మర్యాద అలాంటిది. పొమ్మన్నా మంచినీళ్ళిచ్చి పొమ్మన్నట్టే ఉంటుంది. ఇకమీద ఆలస్యం కానివ్వనని మాటిచ్చాను.

ఆ మధ్యాహ్నమే తాడేపల్లిగూడెం వెళ్ళి ఒక సైకిలు షాపులో లైటు అడిగాను. షాపాయన వెంటనే తీసి ఇవ్వలేదు. "ఏ దారండీ మీది? మంచు పడుతుందాండీ? ఎంతసేపు తొక్కుతారండీ?" అని మొదలుపెట్టాడు. సైకిలు లైటుకి కూడా జాతకం కావాలా అనిపించింది. ఆయన చూపించిన బుల్లి లైటు నాకు ఆనలేదు. పక్కనే తలకి పట్టీతో కట్టుకునే పెద్ద లైటు వేలాడుతోంది. చేపల చెరువుల కాపలావాళ్ళు వాడేది. వెలుగు కళ్ళు చెదిరిపోయేలా ఉంది. ఆయన వద్దంటున్నా అదే తెచ్చుకున్నాను.

మర్నాడు దాని సంగతి తేలిపోయింది. మంచులో ఆ వెలుగంతా తిరిగి నా కళ్ళల్లోకే కొట్టింది. ఎదురుగా తెల్లటి గోడ తప్ప మరేమీ లేదు. దిగి నడిపించుకుంటూ వెళ్ళాను. కుప్ప దగ్గర ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని, "కళ్ళు పోతున్నాయండీ పంతులుగారూ, కాస్త కిందకి దించండి!" అంది. ఎలాగో రెండు నిమిషాల ముందే చేరాను. అందరూ నా మొహం కేసి వింతగా చూస్తుంటే, స్వామికి అద్దం చూపించబోతూ నేనూ అందులో చూసుకున్నాను. పట్టీ రాసుకుని నామం కాస్తా కనుబొమ్మలదాకా పాకింది. నామం పెట్టుకున్న నుదుటికి లైటు కట్టుకునే తెలివి నాకొక్కడికే ఉంటుంది.

మళ్ళీ గూడెం వెళ్ళాను. షాపాయన నవ్వలేదు. "ఒక్కపూటేగా వాడారండీ" అని దాన్ని వెనక్కి తీసుకున్నాడు. ఈసారి బయటికొచ్చి నా సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. హ్యాండిలుకి పూలసజ్జ కట్టి ఉంటుంది కనుక అక్కడ లైటు పెడితే వెలుగు సజ్జలోనే ఆగిపోతుందని, ముందు చక్రం పక్కన ఫోర్కుకి, బాగా కిందగా బిగించాడు.

"మంచులో ఎంత కిందనుంచి వేస్తే అంత మంచిదండీ. రాయి చిన్నదైనా నీడ పొడుగ్గా పడుద్దండీ. మీరు రాయి కోసం చూడకండి, నీడ కోసం చూడండి" అన్నాడు. వెనక మడ్‌గార్డుకి ఒక ఎర్ర లైటు కూడా పెట్టి, లారీవాళ్ళ కోసమని చెప్పాడు. "పెద్ద వెలుగు మాత్రం అస్తమానం వాడకండి. చిన్నదాంట్లో ఉంచితే చార్జింగు నాలుగు రోజులొస్తుందండీ."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. మర్నాటి నుంచి రోడ్డు మీద ప్రతి రాయీ, ప్రతి గొయ్యీ నాకు ముందే కనిపించేవి. చిన్నప్పుడు మా నాన్నగారి సైకిలుకి డైనమో ఉండేది. నెమ్మదిగా తొక్కితే ఆరిపోయేది, గట్టిగా తొక్కితే ఆయాసం. ఇది అలా కాదు. ఆ షాపాయనకి మనసులో రోజూ దండం పెట్టుకునేవాణ్ణి. దండం పెడుతూనే ఆయన మాట తప్పాను. పెద్ద వెలుగు చూడముచ్చటగా ఉండేది, దాన్నే వాడేవాణ్ణి.

పదో రోజో, పదకొండో రోజో, మంచు దట్టంగా ఉన్న పూట, సగం దారిలో లైటు ఠక్కున ఆరిపోయింది. మడితో వెళతాను కనుక ఫోను ఇంట్లోనే ఉంటుంది. వెనక ఎర్ర లైటు వెలుగుతోంది గానీ దాంతో దారి కనపడదు. పక్కన నిండు కాలువ. తాతగారి నాటి సేవ నా చేతుల్లో, అదీ నా ముచ్చట వల్ల, పోతోందని ఏడుపొచ్చింది.

నేను ఆగింది ఆవిడ కుప్పకి కాస్త ఇవతలే. ఆవిడే ఫోను లైటు వేసుకుని వచ్చి, "ఏమైందండీ?" అంది. చెప్పాను. మడిలో ఉన్న నా చేతికి ఫోను ఇవ్వలేక, ఒకసారి కుప్పకేసి, ఒకసారి నాకేసి చూసింది. "పదండి, నేను ముందు నడుస్తాను" అంది.

"మరి ధాన్యం?"

"ఎంతసేపండీ, ఇట్టే వచ్చేస్తాను."

ఇట్టే కాదని ఇద్దరికీ తెలుసు. ఫోను కిందకి వంచి పట్టుకుని, చీర ఎగదోపుకుని, దాదాపు పరుగుమీద నడిచింది. నేను ఆ వెలుగు వెంట సైకిలు తోసుకుంటూ పరిగెత్తాను. గుడి మెట్లెక్కేసరికి ఇంకా అయిదు నిమిషాలుంది. మేలుకొలుపు పాడి, హారతిచ్చి, తీర్థం ఇవ్వబోతూ ఆవిడ కోసం చూశాను. లేదు. "ఇంత మంచులోనూ టయానికొచ్చారండీ" అని పెద్దాయన మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాది కాదని చెప్పాలనుకుంటూనే తీర్థం పోశాను.

ఏడింటికి తిరిగి వస్తుంటే బరకం ఒక పక్కకి లాగేసి ఉంది. ఎవరివో గేదెలు పడి తిన్నంత తిని, తొక్కినంత తొక్కాయి. ధాన్యం రోడ్డు దాటి గట్టు మట్టిలోకి చిమ్ముకుపోయింది. ఆవిడ చేట పెట్టుకుని గింజలు ఎత్తుతోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"తలుపులు టయానికి తీశారాండీ?" అంది.

"తీశానమ్మా" అన్నాను. చెంబులో మిగిలిన తీర్థం ఆవిడ చేతిలో పోశాను. కళ్ళకద్దుకుని తాగి మళ్ళీ చేట దగ్గర కూర్చుంది. నేను సైకిలు స్టాండు వేసి ఎదురుగా మట్టిలో కూర్చున్నాను.

"అయ్యో, మడిబట్టలండీ!"

"పూజ అయిపోయిందిలేమ్మా" అని గింజలు ఏరడం మొదలుపెట్టాను. అలవాటు లేని పని. ఎండ నెత్తికెక్కేదాకా ఇద్దరం ఏరుతూనే ఉన్నాం.